యెజ్డీ బ్యారెల్‌కు స్లీవ్ వేసిన ఆటోనగర్ మేస్త్రీలకు

విజయవాడ ఆటోనగర్‌లో మా యెజ్డీ 250 బైకు బ్యారెల్‌కు (పిస్టన్ ఆడే సిలిండర్) కొత్త స్లీవ్ (దాని లోపల తొడిగే గొట్టం) వేసిన బోరింగ్ బాబాయికి, కనెక్టింగ్ రాడ్ పై చివరి బుష్ (పిస్టన్ పిన్ను దూరే చిన్న గొట్టం) తిప్పిచ్చిన లేత్ అన్నకు, కొలతల కోసం తన పాత బ్యారెల్ని వారం పాటు మా దగ్గరే వదిలేసిన పెద్దాయనకు దండాలు. యెజ్డీలు తయారైన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. ఇప్పుడు ఒరిజినల్ బ్యారెల్ అని చేతికొచ్చేది చాలాసార్లు ఎవరో అరగదీసిందే.

మునుపు వేరేచోట వేయించిన స్లీవ్‌ను బాబాయి తీసి ఎండలో పెట్టి చూపించారు. బయటి వైపు నల్లటి మచ్చలు. మచ్చ ఉన్నచోటల్లా స్లీవ్ బ్యారెల్‌కు ఆనలేదన్నమాట. ఆనకపోతే వేడి బ్యారెల్ చుట్టూ ఉండే ఫిన్నులకు (చల్లార్చే రెక్కలకు) చేరదు, పిస్టన్ పట్టేస్తుంది. పైగా పోర్టుల (గ్యాసు లోపలికీ బయటికీ పోయే కిటికీల) అంచులు కత్తిలా వదిలేశారు. రింగు అక్కడ చిక్కుకునే విరిగింది.

ఈసారి బ్యారెల్ లోపల 70 మి.మీ.కు బోర్ చేసి, స్లీవ్ బయటి కొలత దానికన్నా 0.05 మి.మీ. ఎక్కువ ఉంచారు. అంటే రెండు థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). బ్యారెల్‌ను సుమారు 200 డిగ్రీలకు వేడిచేస్తే స్లీవ్ సుత్తి దెబ్బ లేకుండా జారింది. కిందకు దిగిపోకుండా పైన చిన్న కాలరు. ఇంకా మందం స్లీవ్ వేయమంటే బాబాయి ఒప్పుకోలేదు, కింద క్రాంక్‌కేసులో దిగే చోట బ్యారెల్ గోడ పలచనైపోతుందని.

అసలు పని పోర్టులది. పెద్దాయన ఇచ్చిన పాత బ్యారెల్ లోపల కాగితం చుట్టి, పెన్సిల్ అడ్డంగా పెట్టి రుద్దితే ఎగ్జాస్టు, ట్రాన్స్‌ఫర్, ఇన్‌లెట్ కిటికీలన్నీ అచ్చు పడ్డాయి. ఆ కాగితాన్ని బట్టే స్లీవ్‌కు పోర్టులు కోశారు. 75 మి.మీ. స్ట్రోకున్న ఈ ఇంజన్లో ఎగ్జాస్టు పై అంచు 1 మి.మీ. పైకి పోతే అది తెరిచి ఉండే సమయం 3, 4 డిగ్రీలు పెరుగుతుంది. తక్కువ స్పీడులో ఆ లాగుడే కదా యెజ్డీ అందం, అది పోతుంది. కోసిన ప్రతి అంచునూ నూనెరాయితో చేత్తోనే గుండ్రం చేశారు. వేలు పెట్టి తిప్పితే ఎక్కడా గోరు తగల్లేదు.

స్లీవ్ ఎక్కించాక బోర్ కాస్త వంకర పోతుంది కాబట్టి ఫైనల్ కొలతకు 0.15 మి.మీ. మిగిల్చి, ఆ తర్వాతే బోరింగ్, హోనింగ్ (రాళ్లతో లోపల సానపట్టడం) పూర్తి చేశారు. పైన, మధ్యలో, కింద, రెండేసి దిక్కుల్లో ఆరు కొలతలు తీస్తే తేడా 0.01 దాటలేదు. పిస్టన్‌కు స్కర్టు (కింది భాగం) దగ్గర 0.07 గ్యాప్, రింగు చివర్ల మధ్య 0.25.

ఇక బుష్. ఫాస్ఫర్ బ్రాంజ్‌తో చేశారు. రాడ్‌లో ప్రెస్ చేయగానే దాని బెజ్జం ముడుచుకుంటుంది. ముందే సరిగ్గా తిప్పి తెస్తే పిన్ను దూరదు. అందుకే ప్రెస్ చేసి, ఆయిల్ బెజ్జాలు రాడ్ బెజ్జాలకు ఎదురుగా వేసి, చివర్లో రీమర్ (బెజ్జాన్ని సరైన కొలతకు తెచ్చే పనిముట్టు) కొట్టారు. నూనె రాసిన పిన్ను బొటనవేలితో తోస్తే మెత్తగా వెళ్తోంది, అటూ ఇటూ ఊగట్లేదు.

ఇంజన్ ఇప్పుడు లీటరు పెట్రోలుకు 50 మి.లీ. ఆయిల్‌తో నడుస్తోంది. మొదటిసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక హెడ్ నట్లు మళ్లీ బిగించాం, రెండు నట్లు పావు తిప్పు తీసుకున్నాయి.

పోర్టుల అచ్చు కాగితానికి లామినేషన్ చేయించి బోరింగ్ షాపులోనే ఉంచాం, యెజ్డీ ఉన్నవాళ్లు ఎవరైనా వాడుకోవచ్చు. వెళ్లేటప్పుడు పిస్టన్ మాత్రం వెంట పట్టుకెళ్లండి. పెట్టె మీద నంబరు చూసి బాబాయి బోర్ చేయరు, పిస్టన్‌ను మైక్రోమీటరుతో కొలిచాకే మెషిన్ ఆన్ చేస్తారు.