సంగీతం గదికి తాళం

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో 'మనోవ్యాధులకు సంగీత చికిత్స' అని, ఆసుపత్రిలో సంగీతం గది ప్రారంభించిన వార్త ఫొటోతో సహా వేశారు. రిబ్బను, కత్తెర, శాలువాలు, అందరి మొహాల్లో నవ్వులు. రోగి మాత్రం ఒక్కడూ లేడు. పోనీలే అనుకున్నాను గానీ, మొన్న మంగళవారం ఆ ఆసుపత్రికి వెళ్లొచ్చాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

పదకొండేళ్లుగా మా తమ్ముణ్ని అక్కడికే తీసుకెళ్తున్నాను. ఆ రోజు ఓపీలో మూడు గంటలు నిలబడితే, రాసిన మూడు మందుల్లో ఒకటి ఇచ్చి మిగతావి బయట కొనుక్కోమన్నారు. వచ్చాం కదా, ఆ గదైనా చూపిద్దామని వాణ్ని వెంటబెట్టుకుని వెళ్తే తలుపుకి తాళం. 'పెద్దసార్లు వచ్చినప్పుడు తీస్తారమ్మా' అన్నాడు అటెండరు. కిటికీలోంచి చూస్తే కొత్త స్పీకర్లు, ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు.

నేను సంగీతానికి వ్యతిరేకిని కాను. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని. రెండేళ్లపాటు ఎవరితోనూ పెదవి విప్పని మావాడు, నేను పిల్లలకు సరళీ వరసలు చెప్తుంటే పక్క గదిలో తొడ మీద ఆది తాళం వేస్తున్నాడు. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. ఒక్క లెక్క తప్పలేదు. అలాగని మర్నాడు మాత్రలు మానిపించలేదు. ఏ రాగానికి ఏ జబ్బు పోతుందో వాట్సాప్‌లో పట్టికలు పంపే మహానుభావులు ఇది గమనించాలి. 2017లో, వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ వారు తొమ్మిది అధ్యయనాలు పరిశీలించి, సంగీత చికిత్సను మామూలు వైద్యానికి తోడుగా ఇస్తే కుంగుబాటు కొంతకాలం పాటు తగ్గుతోందని చెప్పారు. తోడుగా, అంతే.

అదీ శిక్షణ ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని పాడించి, వాయింపిస్తేనే. అమెరికాలో మిచిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం 1944లోనే దీనికి డిగ్రీ పెట్టింది. ఇక్కడ ఎవరిని వేశారని అడిగితే, కంప్యూటర్ ఆపరేటరుకి అదనపు బాధ్యతట! వేణువు పాట పెట్టి వదిలేయడమే చికిత్సయితే మా వీధి చివర టిఫిన్ సెంటరు వాడు రోజూ చేస్తున్నాడు.

ఏది మొదలుపెట్టినా శిలాఫలకం దాకానే. మా కాలనీ పార్కులో వ్యాయామం సామాన్లూ అంతే, ఏడాది తిరక్కుండా తుప్పు పట్టాయి. ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు వినోదం హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో రాసుంది. వార్డులో ఫ్యాను తిరిగితే అదే వినోదం.

మీ విలేకరిని మరోసారి పంపండి, ఈసారి చెప్పకుండా. మధ్యాహ్నం రెండు దాటాక వెళ్తే అక్కడెవరూ ఉండరు, తాళాన్ని తీరిగ్గా ఫొటో తీసుకోవచ్చు. నా పేరు మాత్రం వేయకండి. వచ్చే నెల మళ్లీ అదే క్యూలో నిలబడాలి.

– ఒక రోగి అక్క