రేకులు ఎవరు తీస్తారని అడిగినవాళ్ళకి

నమస్కారమండి. నెలనెలా ఈపాటికి మా పూతరేకుల సరుకు వివరాలు, ధరలు పెడుతుంటాను. ఈసారి అవి చివర్లో రెండు మాటల్లో చెప్పేస్తాను. ముందు నేను ఆడిన ఒక అబద్ధం గురించి మీకు చెప్పాలి.

పోయిన నెల ఒకాయన ఫోన్ చేశారు. కూతురి పెళ్ళికి 200 పెట్టెల పూతరేకులు, సగం బెల్లంవి, సగం పంచదారవి. ధరా తేదీ అన్నీ కుదిరాయి. ఇక ఫోన్ పెట్టేస్తారనగా, చాలా మర్యాదగా, "రేకులు తీసేది మీవాళ్ళేనా అండీ?" అని అడిగారు. 'మీవాళ్ళు' అంటే ఏంటో మన వైపు ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. నేను తడుముకోకుండా "ఆయ్, మా ఇంట్లోనేనండి, మా ఆడవాళ్ళమే" అన్నాను.

మా పెరట్లో రేకులు తీసేది మా ఇంటివాళ్ళు కాదు. ఊరి చివర పేట నుంచి పదకొండేళ్ళుగా వస్తున్న ఒక అక్క. దళితులు. నాకంటే పదేళ్ళు పెద్దది. నేను అక్కా అంటాను, ఆవిడ నన్ను అమ్మగారూ అంటుంది. ఆ పిలుపుల్లో తేడా ఉందని ఇన్నేళ్ళూ నాకు తట్టనే లేదు. నేను ఆ ఫోన్ మాట్లాడుతున్నప్పుడు ఆవిడ నాలుగడుగుల దూరంలో కుండ ముందే కూర్చుని ఉంది.

ఈ పని చూడనివాళ్ళకి చెబుతాను. జయ బియ్యం నానబెట్టి, రుబ్బి, పాలంత పల్చగా కలుపుతారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట. పల్చటి గుడ్డ పిండిలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే పొర కట్టి, చూస్తుండగానే అంచు లేస్తుంది. ఆ అంచు వేళ్ళతో పట్టి తీసి పక్కన పేర్చాలి. మంట ఎక్కువైతే మాడుతుంది, తగ్గితే లేవదు. నేను మూడేళ్ళు ప్రయత్నించాను, చినిగిన ముక్కలే వచ్చాయి. నాకు చేతనైంది మడత. తడిగుడ్డతో రేకు మెత్తబరిచి, నెయ్యి రాసి, పొడి చల్లి చుట్టడం. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు (ఈ సరుకు ఈ ఊరిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చినప్పుడు అందరికీ పంచిపెట్టి సంబరపడ్డాను. ఆ గుర్తింపు వచ్చింది ఆవిడలాంటి వాళ్ళ చేతిపనికి.

నా నోట్లోంచి ఆ మాట రాగానే ఆవిడ చెయ్యి ఆగింది. కుండ మీదున్న రేకు గోధుమ రంగుకి తిరిగింది. దాన్ని తీసి పక్కన పడేసి ఇంకోటి లాగింది. పదకొండేళ్ళలో ఆవిడ రేకు మాడ్చడం నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రం డబ్బులు తీసుకుంటూ తనే అంది, "నా సంగతి ఎవరికీ చెప్పకండమ్మగారూ. మీ బేరం పోద్ది."

ఆ మాటతో నాకు రెండేళ్ళ కిందటి సంక్రాంతి గుర్తొచ్చింది. ఆర్డర్లు మీద పడి, కొత్త చోట 15 కిలోల నెయ్యి డబ్బా తెప్పించాను. ఆవిడ ఓ చుక్క అరచేతిలో వేసుకుని, రుద్ది, వాసన చూసి "ఇది వాడకండమ్మగారూ, పిల్లలు తినేది" అంది. డబ్బాకి పెట్టిన డబ్బు తల్చుకుని నేను కాసేపు ఊగిసలాడాను, ఆ సంగతీ దాచను. చివరికి తిప్పి పంపేశాను. ఆ పండక్కి మీ ఇళ్ళకి మంచి సరుకు చేరిందంటే ఆవిడ వల్లే. నా పేరు చెడకుండా కాపాడిన మనిషి పేరే నేను దాచాను.

2022 మే 24న, కోనసీమ జిల్లాకి అంబేద్కర్ గారి పేరు చేర్చడం మీద గొడవై, అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. రోజుల తరబడి నెట్ ఆపేశారు, నా ఆర్డర్లన్నీ ఆగిపోయాయి. ఇదేం కులపిచ్చి అని ఇంట్లో గొంతు చించుకున్నదాన్ని నేనే. వాళ్ళు వేరు, నేను వేరు అనుకున్నాను. 200 పెట్టెల దగ్గరకొచ్చేసరికి నా నోరు ఎంత తేలిగ్గా తిరిగిందో చూశారా!

మర్నాడు ఆయనకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "నాకేం పట్టింపు లేదమ్మా, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు కదా" అన్నారు. అడ్వాన్సు తిరిగి పంపేశాను. ఆయన మీద నాకు కోపం లేదు. అడిగింది ఆయనే అయినా, అబద్ధమాడింది నేను.

ఇంతకుముందు కూడా ఇద్దరు ముగ్గురికి ఇలాగే చెప్పాను. వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే, అబద్ధం చెప్పినందుకు క్షమించండి. డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వను. మీరు తిన్నదాంట్లో ఏ లోపమూ లేదు. పెట్టె మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, తయారీ తేదీ, వేసిన దినుసులు ఉంటాయి. శుభ్రం గురించి, నెయ్యి గురించి ఎన్నయినా అడగండి, చెబుతాను. వచ్చి పెరట్లో కూర్చుని చూసినా సంతోషమే. "ఎవరివాళ్ళు" అనే ప్రశ్నకి మాత్రం ఇకమీదట మా దగ్గర జవాబు దొరకదు. అందుకని ఆర్డర్ మానుకునేవాళ్ళని నేను బతిమాలను.

ధరలు పోయిన నెలవే. జీడిపప్పు బెల్లం పెట్టెలకి వారం ముందు చెప్పండి.

ఇదంతా పెట్టేముందు అక్కకి చదివి వినిపించాను. క్షమాపణ అడిగితే మంట వైపు చూస్తూ "ఊరుకోండి" అంది. పేరు వద్దంది, పేట సంగతి రాస్తే రాయండి అంది. నేను మొదట కట్టెల మంట అని రాశాను. అది విని మాత్రం ఆపి, "కట్టెలేంటండీ, రేకు మాడిపోదూ? కొబ్బరాకని రాయండి" అంది. మార్చాను.