మర్రిచెట్ల రోడ్డు నుంచి

ఒరేయ్ శీనూ,

ఫోన్‌లో చెబితే మధ్యలో అడ్డం పడతావని ఉత్తరం రాస్తున్నా. మొన్న తాండూరు బస్సెక్కి ఊరికొచ్చాను. కిటికీ సీటు దొరికింది. మొయినాబాద్ దాటాక మర్రి ఊడలు ఎప్పటిలాగే వేలాడుతున్నాయి గానీ, ఈసారి నాకు కడుపులో టెన్షన్. 2025 నవంబర్ 3 పొద్దున మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ గుద్దింది కూడా తాండూరు బస్సునే కదా. 19 మంది పోయారు.

అప్పట్నుంచి మా ఇంట్లో కూడా రెండు పార్టీలు. చిన్నాన్నేమో "చెట్ల కోసం రోడ్డు వెడల్పు ఆపి మనుషుల్ని చంపుకున్నరు" అంటాడు. నా కూతురు అన్నం మానేసి చెట్ల తరఫున వాదిస్తుంది. హైదరాబాద్ పక్కన అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా వెడల్పు చేయాల్సిన హైవే 46 కిలోమీటర్లు, దాని పొడుగునా తొమ్మిది వందల దాకా మర్రిచెట్లు. ఇద్దరి మాటలోనూ నిజముంది, అదే నా తలనొప్పి.

మన ఊరికి గ్రామ సడక్ యోజన రోడ్డు వచ్చింది గుర్తుందా? ఆ పథకంలో ఒక మంచి రూలుంది. డిజైన్ ఖాయం కాకముందే ఇంజనీరు, సర్పంచ్, ఊరివాళ్లు కలిసి రోడ్డు పోయే దారంతా నడవాలి. ఆ రోజు పోచమ్మవ్వ కర్ర పట్టుకుని ముందు నడిచింది. "వానాకాలం నీళ్లు ఈడికెల్లే దుంకుతయి బిడ్డా, తూము పెట్టకుంటే మీ రోడ్డు నిలవదు" అంది. ఇంజనీరు మొదట నవ్వాడు, తర్వాత రాసుకున్నాడు. ఆ తూము ఇప్పటికీ ఉంది. అవ్వ లేదు.

నేషనల్ హైవేకి ఆ నడక ఉండదు. భూమి తీసుకుంటామని గెజిట్‌లో వేస్తారు, రెండు పేపర్లలో వేస్తారు, ఒకటి స్థానిక భాషలో. గెజిట్‌లో పడిన 21 రోజుల్లో అభ్యంతరం రాసివ్వాలి. చీమల బారులాగా సర్వే నంబర్లు! చిన్నాన్న ఆ పేపర్‌లోనే మిర్చి బజ్జీలు కట్టించుకుని తెచ్చుంటాడు. పోనీ చదివాడనుకో, అందులో అడిగేది భూమి గురించే. చెట్టుకు సర్వే నంబర్ లేదు. తెల్లవారుజామున పూలగంపతో సిటీ బస్సెక్కే అత్తమ్మకూ లేదు. ఎవరైనా ఆమెను అడిగి ఉంటే ఏ మలుపులో ఎదురు లారీ కనబడదో వేలు పెట్టి చూపించేది.

చివరికి చెట్లు కొట్టొద్దనే వాళ్లు పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోయారు. ఏళ్లు గడిచాయి. చాలా మర్రులు నిలిచేలా ప్లాన్ మార్చుకుంటే గాని పని కదల్లేదు. అంటే మార్చడం కుదిరే పనే కదరా! మరి మొదటి గీత గీసేటప్పుడే ఎందుకు కుదరలేదు? చిన్నాన్న కోపం చెట్లవాళ్ల మీద, నా కోపం ఆ గీత మీద.

అన్నట్టు, మన స్టాప్ దగ్గరి మర్రికి పెయింట్‌తో నంబరేశారు. ఉంచేదానికా, పెకిలించి వేరే చోట నాటేదానికా అని టీ కొట్టాయన్ని అడిగాను. "నంబరేసినోళ్లు చాయ్ తాగి పోయిండ్రు, ఏం చెప్పలె" అన్నాడు. నువ్వు దసరాకు వచ్చేసరికి ఏ సంగతో తెలుస్తుంది. బస్సు దిగగానే అక్కడే ఉంటా, చెట్టున్నా లేకున్నా.

నీ
రాములు