ఐసీయూ తలుపు దాకా ఆగకుండా ముందే అడగండి

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

గుండె పంపింగ్ బాగా తగ్గిన మనిషి ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో మా నాన్న వల్ల తెలిసింది. పొద్దున్నే బరువు చూసుకోవాలి. ఒక్కసారిగా పెరిగిందంటే ఒంట్లో నీరు చేరినట్టే. రాత్రి మూడు దిండ్లు పెట్టుకున్నా ఆయాసం తగ్గదు. ఆస్పత్రిలో చేరతారు, తేరుకుని ఇంటికొస్తారు, మళ్లీ చేరతారు. ప్రతిసారీ గట్టెక్కారు కాబట్టి ఈసారీ గట్టెక్కుతారనుకుంటాం. చివరి రోజుల గురించి ఎవరైనా ఎత్తితే, తథాస్తు దేవతలుంటారు ఊరుకోమంటారు. ఆఖరికి అర్ధరాత్రి ఐసీయూ బయట "వెంటిలేటర్ పెట్టమంటారా?" అని కొడుకునో కోడలినో అడుగుతారు. అప్పటికి పేషెంటు మాట్లాడే స్థితిలో ఉండరు.

ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరి 24న ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరణ చేయించుకుంటే చాలు. ఒక ప్రతిని స్థానిక సంస్థలో బాధ్యుడైన అధికారికి ఇవ్వాలి. మా పంచాయతీ కార్యాలయంలో అడిగితే, అలాంటి ఆదేశమేదీ తమకు రాలేదన్నారు. కర్ణాటక ప్రభుత్వం ఈ తీర్పు అమలుకు 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది. మన దగ్గర కూడా ఈ పని ఎవరిదో ప్రతి పంచాయతీకి, మున్సిపాలిటీకి రాతపూర్వకంగా చెప్పించండి. వెంటిలేటర్ లాంటి చికిత్స ఆపాలన్న మొదటి డాక్టర్ల బృందం నిర్ణయాన్ని సరిచూసే రెండో వైద్య బోర్డుకు ఆస్పత్రుల్లో జిల్లా వైద్యాధికారి తరఫు డాక్టర్ల పేర్లు కూడా ముందే సిద్ధంగా ఉండాలి.

కాగితం కన్నా ముఖ్యమైనది మాట్లాడటం. అది కార్డియాలజీ ఓపీలోనే, మనిషి కాస్త కుదుటగా ఉన్నప్పుడే జరగాలి. ఛాతీలో షాక్ ఇచ్చే పరికరం అమర్చినవాళ్లకు, చివరి దశలో ఆపరేషన్ లేకుండానే ఆ షాకులు ఆపేయించుకోవచ్చని ఎంతమంది చెబుతున్నారు? ఆయాసానికి డాక్టర్ పర్యవేక్షణలో తక్కువ మోతాదు మార్ఫిన్ ఉపశమనం ఇవ్వగలదని ఎన్ని కుటుంబాలకు తెలుసు? జిల్లాల్లోని పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే సంరక్షణ) కేంద్రాలు క్యాన్సర్ రోగులతో పాటు వీళ్లకూ అండగా ఉండాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది వైద్యం ఆపేసే పథకం కాదు. అన్ని చికిత్సలూ కావాలని రాసినా అది కూడా పేషెంటు నిర్ణయమే. మనసు మారితే మార్చి రాసుకోవచ్చు. పేదవాళ్ల చేత "వద్దు" అని సంతకం పెట్టించి ఖర్చు తప్పించుకునే వీలు ఏ ఆస్పత్రికీ ఇవ్వకండి.

మా నాన్నను అడిగితే, గొట్టాలు వద్దు, ఇంట్లోనే ఉంటానన్నారు. ఆ మాటను ఆస్పత్రి కేస్ షీటులో ఎక్కడ రాయించాలో చెప్పే ఉత్తర్వు కోసం ఎదురుచూస్తున్నాం.

ఇట్లు,
ఒక గుండె జబ్బు రోగి కూతురు