కీవ్‌కి వెళ్తున్న శీనుకి

మలక్‌పేట, హైదరాబాద్

ఒరేయ్ శీనూ,

నీకు ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఉద్యోగం ఖాయమైందని ఆంటీ ఫోన్ చేసి చెప్పింది. గొంతులో టెన్షన్ తెలిసిపోతోందిరా. నేను నిన్ను వెళ్లొద్దనను. ఆ ఊళ్లో పనిచేసి వచ్చాను కదా, అక్కడ ఎలా తిరగాలో చెబితే నా మనసూ కుదుటపడుతుంది.

రష్యా దాడి మొదలైన 2022 ఫిబ్రవరి 24న మూసిన ఉక్రెయిన్ గగనతలం మళ్లీ తెరవలేదు. పోలండ్ లాంటి పక్క దేశంలో దిగి రైల్లోనో బస్సులోనో వెళ్లాలి. నేనున్నప్పుడు రాత్రి 12 నుంచి 5 దాకా కర్ఫ్యూ. రైలు ఆ వేళకి చేరితే తెల్లారేదాకా స్టేషన్లోనే ఉండు. 1990 అల్లర్ల కర్ఫ్యూ రోజుల్లో పాతబస్తీ శాలిబండలో ఉన్న మా అమ్మ ఇప్పటికీ ఎవరు గడప దాటినా "తిరిగి ఎట్లా వస్తావ్?" అని అడుగుతుంది. అక్కడ నువ్వూ ప్రతిసారీ నీకు నువ్వే ఆ ప్రశ్న వేసుకో.

అన్నిటికంటే ముఖ్యం రూమ్. ఊరి మధ్యలో ద్నీపర్ నది. నేనున్నప్పుడు వైమానిక దాడి సైరన్ మోగితే బస్సులు ఆగిపోయేవి, మెట్రో కూడా వంతెన దాటేది కాదు. ఆఫీసు ఒక ఒడ్డున, ఇల్లు ఇంకో ఒడ్డున ఉంటే అలర్ట్ ముగిసేదాకా చిక్కుకుపోతావ్. అద్దె ఎక్కువైనా సరే, ఆఫీసున్న వైపే, భూగర్భ మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో తీసుకో. సైరన్ మోగితే ఆ స్టేషన్లే షెల్టర్లు. ఆర్సెనాల్నా స్టేషన్ 105.5 మీటర్ల లోతు, ఎస్కలేటర్ మీద ఎంతసేపు దిగినా అడుగు కనపడదు. రాత్రిపూట ప్లాట్‌ఫారం మీద చాపలు, మడత కుర్చీలు, బుట్టలో పిల్లి, దుప్పటి కప్పుకుని హోంవర్క్ చేసుకునే పిల్లలు. వాళ్లని చూసి నాకు కళ్లనీళ్లు ఆగలేదురా.

కొందరు సైరన్ మోగినా కాఫీ తాగుతూ కూర్చుంటారు. ఏళ్ల తరబడి భరించి అలసిపోయారు, వాళ్లని తప్పుపట్టలేం. కానీ నువ్వు మాత్రం కూర్చోకు. ఖార్కివ్ నగరంలో 2022 మార్చి 1న రష్యా దాడిలో చనిపోయిన కర్ణాటక కుర్రాడు సరుకుల కోసమే బయటికి వెళ్లాడు. కిందికి దిగే టైమ్ లేకపోతే కిటికీల్లేని చోట, నీకూ వీధికీ మధ్య రెండు గోడలుండేలా కూర్చో. లిఫ్ట్ ఎక్కకు. బాంబు పడ్డచోటికి చూడ్డానికి వెళ్లకు, ఫొటోలు అసలే వద్దు, కేసు కావచ్చు.

అలర్ట్ యాప్, పవర్‌బ్యాంక్, పాస్‌పోర్ట్ ఎప్పుడూ నీ దగ్గరే ఉండాలి. మన ఎంబసీలో పేరు నమోదు చేయించుకో.

రూమ్‌కి అడ్వాన్స్ కట్టే ముందు అడ్రస్ నాకు పంపరా, ఏ ఒడ్డునో, స్టేషన్ ఎంత దూరమో చూసి చెప్తా.

నీ
రవి