రిజర్వు బ్యాంకు సంజాయిషీ ప్రజలకూ చూపాలి

సంపాదకులకు,

రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పుపై వడ్డీ) పావు శాతం తగ్గిందా, పెరిగిందా అన్నదానిపై జరిగే చర్చలో పదో వంతైనా ఆ నిర్ణయాలకు ఆధారమైన నిబంధనపై జరగడం లేదు. 2016లో చట్ట సవరణతో వచ్చిన ఆ నిబంధన ప్రకారం చిల్లర ద్రవ్యోల్బణం 4 శాతానికి అటూఇటూ 2 శాతం హద్దుల్లో ఉండాలి. సగటు వరుసగా మూడు త్రైమాసికాలు ఆ హద్దు దాటితే, కారణాలేమిటో, దిద్దుబాటుకు ఏం చేస్తారో, మళ్లీ ఎప్పటికి దారికొస్తుందో రిజర్వు బ్యాంకు కేంద్రానికి నివేదించాలి. 2022 సెప్టెంబరుతో ఆ పరిస్థితి వచ్చింది. నవంబరు 3న, రెపో రేటును నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ ఇందుకోసమే సమావేశమైంది, నివేదిక ఢిల్లీకి వెళ్లింది, ప్రజలకు మాత్రం చూపలేదు.

లక్ష్యం తప్పినందుకు నేను తప్పుపట్టను. ఉక్రెయిన్ యుద్ధంతో నూనె, ఇంధన ధరలు మండిపోతే వడ్డీ రేటు ఒక్కటే ఏం చేయగలదు? అయితే 2020 మే నుంచి 4 శాతం దగ్గరే ఉంచిన రెపోను 2022 మే 4 దాకా కదపకపోవడం సరైనదేనా అన్న ప్రశ్నకు జవాబు ఆ నివేదికలోనే ఉండాలి.

మా వంశధార ఆయకట్టులో కాలువకు నీరొదిలే తేదీని నమ్మి ఆకుమడి పోస్తాం. ఒక ఏడు నీరు పదిహేను రోజులు ఆలస్యమై మా మడిలో ఆకు ముదిరిపోయింది, కారణం ఎవరూ చెప్పలేదు. మరుసటి ఏడు కాలువలో నీరు కళ్లబడేదాకా మేం విత్తనం నానబెట్టలేదు. ఆసారి నీరు చెప్పిన రోజుకే వచ్చింది, మేమే వెనకబడ్డాం.

ధరల విషయంలోనూ ఇంతే. 4 శాతం మాట నమ్మి జనం కూలి రేట్లు, డిపాజిట్లు కుదుర్చుకున్నాక, ఆ నమ్మకం చాటున వడ్డీ తగ్గించి ఆర్థిక వ్యవస్థకు తాత్కాలికంగా ఊపు తేవాలన్న ఆశ పాలకులకు పుడుతుందని, అది పసిగట్టిన జనం ముందే కూలి రేట్లు పెంచేస్తారని ఆర్థికవేత్తలు కిడ్‌లాండ్, ప్రెస్కాట్ 1977లోనే వివరించారు. మాట తప్పినప్పుడు కారణం బహిరంగంగా చెప్పాల్సి రావడమే ఆ ఆశకు కళ్లెం. బ్రిటన్‌లో లక్ష్యం తప్పితే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ ఆర్థిక మంత్రికి రాసే లేఖ బహిరంగ లేఖే.

మన చట్టం కూడా కమిటీ సమావేశాల మినిట్స్‌ను పద్నాలుగో రోజున ప్రచురించాలంటోంది. ఈ నివేదికకూ అదే చట్టంలో అలాంటి గడువే పెట్టాలని కోరుతున్నాను.

— విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా