ఫిక్సీ వేగం పెంచుకోవాలనుకుంటున్న మా కస్టమర్లకు: ఏ హ్యాండిల్‌బార్, ఎందుకు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో సైకిల్ ట్రాక్ వచ్చాక మా దుకాణంలో తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటే: "ఫిక్సీ ఇంకా వేగంగా పోవాలంటే ఏ హ్యాండిల్‌బార్ వేయించాలండీ?" (ఫిక్సీ అంటే ఒకే గేరుతో, చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు కూడా తిరుగుతూనే ఉండే సైకిల్.) ఇకపై మేము ఏవి అమ్ముతామో, ఏవి అమ్మబోమో, అందుకు కారణాలేమిటో అందరికీ ఒకే విధంగా తెలియాలని ఇది రాస్తున్నాను.

చదునైన రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగం దాటాక మన శక్తిలో అధిక భాగం గాలిని చీల్చుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. గాలిని గెలవడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది కనుక, వేగం పది శాతం పెరగాలంటే ఆ శక్తి దాదాపు మూడో వంతు పెరగాలి. పైగా గాలికి ఎక్కువగా అడ్డు తగిలేది సైకిల్ కాదు, దాని మీద కూర్చున్న మనిషి. కాబట్టి భుజాలు కిందికి దించి, మోచేతులు లోపలికి తెచ్చి, ఆ భంగిమలో మనల్ని చాలాసేపు హాయిగా ఉంచగలిగినదే వేగవంతమైన బార్. పది నిమిషాలకే మెడ పట్టేసి పైకి లేచి కూర్చోవలసి వస్తే, ఎంత ఖరీదు పెట్టినా దానివల్ల ప్రయోజనం లేదు.

అందుకే చివర్లు పైకి లేచి ఉండే వెడల్పాటి రైజర్ బార్ నుంచి మారేవారికి నేను ముందుగా భుజాల వెడల్పుకు సరిపడే, కొమ్ముల్లా ముందుకు సాగే బుల్‌హార్న్‌ను గాని, చివర్లు కిందికి వంగినా ఆ వంపు తక్కువగా ఉండే రోడ్ డ్రాప్ బార్‌ను గాని సూచిస్తాను. లోతుగా వంగే ట్రాక్ డ్రాప్ బార్లు చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి, ఆ మోజు నాకూ అర్థమవుతుంది. కానీ అవి బ్రేకులు లేకుండా, ఎప్పుడూ కింది వంపునే పట్టుకుని తొక్కే వెలోడ్రోమ్ (సైకిల్ పందేల ట్రాక్) కోసం పుట్టినవి. పైభాగమంతా వాలుగా ఉండటం వల్ల ట్రాఫిక్‌లో నిటారుగా కూర్చుని చేతులు ఆనించుకునే చోటు వాటిలో ఉండదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలోడ్రోమ్ వంటి చోట సాధన చేసేవారికి తెప్పించి ఇస్తాము. రోడ్డు మీద మాత్రమే తిరిగేవారికి ఇకపై అమ్మము. దీనివల్ల కొంత వ్యాపారం పోతుందని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాము.

ఖర్చు విషయం కూడా దాచకుండా చెప్పాలి. రైజర్ బార్ పట్టుకునే చోట 22.2 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటే డ్రాప్ బార్‌కు 23.8 ఉంటుంది కనుక పాత బ్రేక్ లివర్ దానికి పట్టదు. స్టెమ్ (బార్‌ను సైకిల్‌కు కలిపే భాగం) బిగించే చోట పాత సైకిళ్లలో 25.4 ఉంటే కొత్త బార్లలో చాలావాటికి 31.8 ఉంటుంది కనుక పాత స్టెమ్ కూడా పట్టకపోవచ్చు. డ్రాప్ బార్ చేతులను మరింత ముందుకు తీసుకుపోతుంది కాబట్టి చాలామందికి స్టెమ్ పొట్టిది కూడా కావాలి. బార్ ధర ఒక్కటే చూసుకుని వచ్చినవారికి బిల్లు భారమనిపించేది ఇక్కడే. అందువల్ల విడి భాగాలన్నిటి ధరలూ కలిపి రాసి ఇచ్చిన తరువాతే సైకిల్‌పై స్పానర్ పెడతాము.

వేగం పెంచుకోవడానికి మరో దారి గేర్ మార్పు, అది దీనికంటే చవక. చాలా ఫిక్సీలకు వచ్చే 46 పళ్ల చైన్‌రింగ్ (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం), 16 పళ్ల కాగ్‌తో (వెనుక చక్రం మీది పళ్ల చక్రం) నిమిషానికి 90 సార్లు పెడల్ తిప్పితే గంటకు సుమారు 32.7 కిలోమీటర్ల వేగం వస్తుంది. కాగ్‌ను 15కు మారిస్తే అదే లయలో సుమారు 34.9 అవుతుంది. 48-16 కావాలని అడిగేవారికి మాత్రం వద్దని చెబుతున్నాను: ఆ నిష్పత్తి సరిగ్గా మూడు కావడంతో, ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి స్కిడ్ చేసేవారికి (పెడళ్లు బిగబట్టి వెనుక చక్రాన్ని జారిస్తూ ఆపేవారికి) వెనుక టైరు ప్రతిసారీ ఒకే చోట అరిగిపోతుంది. కాగ్ చిన్నదై గేర్ బరువెక్కినకొద్దీ కాళ్లతో సైకిల్‌ను ఆపడం కష్టమవుతుంది కనుక, ముందు బ్రేక్ లేని సైకిల్‌కు చిన్న కాగ్ బిగించము. ఈ విషయంలో ఎవరు అడిగినా మినహాయింపు ఉండదు.

కొనేముందు ప్రయత్నించి చూడటానికి వేర్వేరు వెడల్పుల్లో కొన్ని బార్లు విడిగా ఉంచాము. మీరు రోజూ తొక్కేటప్పుడు వేసుకునే బూట్లతోనే రండి. కొలతలు తీసుకుని ఒకటి బిగించి ఇస్తాము, వారం రోజులు తొక్కి చూశాక కొనాలో వద్దో చెప్పవచ్చు.